అన్నీ మనవే అయినా లెక్క వేరు: గ్రూపు కంపెనీల ఉమ్మడి ఖాతాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడల్లో కుటుంబ వ్యాపారం పెరిగే తీరు దాదాపు ఒకటే. మిర్చి యార్డులో కమీషన్ కొట్టుతో మొదలవుతుంది. నాలుగు డబ్బులు మిగిలాక కోల్డ్ స్టోరేజీ, దాని పక్కనే కారం మిల్లు, అబ్బాయి చదువు ముగించుకుని వచ్చాక ఎగుమతుల కంపెనీ, అల్లుడి పేరు మీద లారీలు. ఆటోనగర్‌లో అయితే స్పేర్ పార్ట్స్ షాపు బాడీ బిల్డింగ్ షెడ్డు అవుతుంది, కొన్నాళ్లకు ఫైనాన్స్ కంపెనీ కూడా వస్తుంది. ఒక్కొక్కటీ ఒక్కో కంపెనీ. ఇంట్లో మాత్రం అందరిదీ ఒకటే మాట: "అన్నీ మనవేగా."

నేను గుంటూరు బ్రాడీపేటలో ఆఫీసు పెట్టుకుని ఈ రెండు ఊళ్ల కంపెనీలకు ఆడిట్లు చేస్తున్నాను. ఆ మాటలో ఉన్న ఆప్యాయత నాకు తెలుసు. ఖాతాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం సగం చిక్కులు ఆ మాట నుంచే పుడతాయి. ఏటా క్లయింట్లు, వాళ్ల అకౌంటెంట్లు నన్ను అడిగే ప్రశ్నల్ని, వాళ్లు అడిగే తీరులోనే ఇక్కడ రాస్తున్నాను.

ఉమ్మడి ఖాతాలంటే ఏమిటి? ఇప్పుడు వేస్తున్న బ్యాలెన్స్ షీట్ చాలదా?

ఒక కంపెనీకి విడిగా వేసే ఖాతాలను స్టాండలోన్ అంటాం. ఇతర కంపెనీలను తన చేతిలో ఉంచుకున్న హోల్డింగ్ కంపెనీనీ, అలా దాని చేతిలో ఉన్న సబ్సిడరీలనూ ఒకే వ్యాపారంగా భావించి వేసేవి కన్సాలిడేటెడ్ ఖాతాలు. మా ఆఫీసుల్లో పొట్టిగా "కన్సాల్" అంటాం. ఇక్కడ ఉమ్మడి ఖాతాలు అంటాను.

కలపడం అంటే కూడిక ఒక్కటే కాదు. నాలుగు బ్యాలెన్స్ షీట్లను వరసగా పెట్టి కూడేస్తే వచ్చేది ఉబ్బిన అంకె. గ్రూపు లోపల ఒకరికొకరు అమ్ముకున్నవి, ఇచ్చిపుచ్చుకున్న అప్పులు, వడ్డీలు, డివిడెండ్లు అన్నీ తీసేయగా మిగిలిందే అసలు లెక్క. బయటివాళ్ల దగ్గర్నుంచి ఈ గ్రూపు ఎంత సంపాదించింది, బయటివాళ్లకు ఎంత బాకీ ఉంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఇంకెక్కడా దొరకదు. ఈ పేజీలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

మా కుటుంబానికి నాలుగు కంపెనీలున్నాయి. నాలుగూ కలిపి ఉమ్మడి ఖాతాలు వేయాలా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు విని ఎక్కువమంది ఆశ్చర్యపోయేదీ ఇక్కడే. షేర్లు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడందే చెప్పలేను.

నాలుగు కంపెనీల షేర్లూ నాన్నగారు, అమ్మగారు, ఇద్దరు కొడుకుల సొంత పేర్ల మీద ఉన్నాయనుకోండి. ఒక కంపెనీకి ఇంకో కంపెనీలో వాటా లేదు. అప్పుడు వీధిలో అందరూ "ఫలానా వాళ్ల గ్రూపు" అన్నా, కంపెనీల చట్టం ప్రకారం అక్కడ హోల్డింగ్ కంపెనీ లేదు, సబ్సిడరీ లేదు. ఉమ్మడి ఖాతాలు వేయాల్సిన బాధ్యత ఏ కంపెనీ మీదా పడదు.

అదే ఎగుమతుల కంపెనీ పేరు మీద కారం మిల్లు కంపెనీలో 80 శాతం షేర్లు ఉన్నాయనుకోండి. ఎగుమతుల కంపెనీ హోల్డింగ్ అయింది, మిల్లు సబ్సిడరీ అయింది. కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 129(3) ప్రకారం ఎగుమతుల కంపెనీ తన సొంత ఖాతాలతో పాటు ఉమ్మడి ఖాతాలు కూడా వేసి, రెండింటినీ వార్షిక సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి. కోల్డ్ స్టోరేజీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే అది ఆ ఉమ్మడి ఖాతాల్లోకి రాదు. కానీ రిలేటెడ్ పార్టీగా, అంటే సంబంధం ఉన్న సంస్థగా, దానితో జరిగిన లావాదేవీలను ఖాతాలకు జతచేసే నోట్స్‌లో చూపించాలి.

చట్టం అడగకపోయినా బ్యాంకు అడగవచ్చు. అప్పు లిమిట్ పెంచమని వెళ్లినప్పుడు, కుటుంబం చేతిలో ఉన్న కంపెనీలన్నిటి లెక్కా ఒకచోట చూపించమంటారు. అలా తయారుచేసే వాటిని కంబైన్డ్ స్టేట్‌మెంట్లు అంటారు. వాటి కోసం చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ 2016లో విడిగా గైడెన్స్ నోట్ తెచ్చింది. అందులోనూ లోపలి లావాదేవీలు తీసేయాల్సిందే. బ్యాంకు మేనేజరుకు పెద్ద టర్నోవరు చూపించాలని తీయకుండా ఇచ్చే కాగితాలు నేను చాలా చూశాను. క్రెడిట్ ఆఫీసర్ జీఎస్టీ రిటర్నులు పక్కన పెట్టుకుని చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు ఇచ్చే ఏ అంకెనూ ఆయన నమ్మరు.

సగానికి మించి షేర్లు ఉంటేనే సబ్సిడరీయా?

అది ఒక దారి. మొత్తం ఓటింగ్ హక్కుల్లో సగానికి మించి చేతిలో ఉంటే సబ్సిడరీ. బోర్డులో ఎవరుండాలో నిర్ణయించే అధికారం మీ కంపెనీదే అయితే, వాటా సగానికి లోపే ఉన్నా సబ్సిడరీయే. స్నేహితుడితో కలిసి పెట్టిన కంపెనీలో మీకు 45 శాతమే ఉండి, ఒప్పందంలో మాత్రం డైరెక్టర్లలో ఎక్కువమందిని మీరే పెడతారని రాసుకుని ఉంటే, ఆ ఒప్పందాన్ని మీ ఆడిటర్‌కు చూపించండి. బీరువాలో ఉండిపోయిన అలాంటి కాగితాల వల్లే లెక్క మారిపోతుంది.

ఓటింగ్‌లో 20 శాతం నుంచి సగం దాకా ఉంటే మామూలుగా అసోసియేట్ అవుతుంది. అసోసియేట్‌ను వరస వరసకీ కలపరు. దాని లాభనష్టాల్లో మీ వాటా మేరకు పెట్టుబడి విలువను పెంచడమో తగ్గించడమో చేస్తారు. సబ్సిడరీ ఒక్కటీ లేకుండా అసోసియేట్ మాత్రమే ఉన్న కంపెనీ కూడా ఉమ్మడి ఖాతాలు వేయాల్సిందే. ఈ సంగతి చాలామంది వదిలేస్తుంటారు.

మాది చిన్న ప్రైవేట్ లిమిటెడ్. మాకు మినహాయింపు లేదా?

చిన్నది కాబట్టి అనే మినహాయింపు లేదు. పైగా, చట్టంలో "స్మాల్ కంపెనీ"కి ఉన్న వెసులుబాట్లు హోల్డింగ్ కంపెనీకి గానీ సబ్సిడరీకి గానీ దక్కవు, టర్నోవరు ఎంత తక్కువైనా సరే. ఊరికే ఒక సబ్సిడరీ పెట్టేసుకుందాం అనుకునే ముందు ఇది ఆలోచించుకోవాలి.

ఒక మినహాయింపు మధ్యలో ఉండే కంపెనీకి ఉంది. మీ కంపెనీయే ఇంకో కంపెనీకి సబ్సిడరీ అయి, పైనున్న కంపెనీ ఉమ్మడి ఖాతాలు వేసి కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేస్తుంటే, మీ కంపెనీ లిస్టెడ్ (షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైనది) కాకపోతే, మిగతా షేర్‌హోల్డర్లకు రాతపూర్వకంగా చెప్పినా వాళ్లు అభ్యంతరం పెట్టకపోతే, మీరు మళ్లీ వేయనక్కర్లేదు.

మాకు ఏ అకౌంటింగ్ స్టాండర్డ్ వర్తిస్తుంది? ఏఎస్ 21 అంటారు, ఇండ్ ఏఎస్ 110 అంటారు.

ఏఎస్ అంటే పాత అకౌంటింగ్ స్టాండర్డ్లు, ఇండ్ ఏఎస్ అంటే అంతర్జాతీయ పద్ధతికి దగ్గరగా తెచ్చిన కొత్తవి. ప్రధాన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో లిస్టయిన కంపెనీలు, 250 కోట్లు లేదా అంతకు మించి నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేయగా మిగిలేది) ఉన్న అన్‌లిస్టెడ్ కంపెనీలు ఇండ్ ఏఎస్ పాటించాలి. 500 కోట్లు దాటినవాటికి 2016 ఏప్రిల్ 1 నుంచి, మిగతావాటికి 2017 ఏప్రిల్ 1 నుంచి ఇది మొదలైంది. అలాంటి కంపెనీకి మీరు సబ్సిడరీ గానీ అసోసియేట్ గానీ అయితే, మీ నెట్‌వర్త్ రెండు కోట్లే అయినా మీకూ ఇండ్ ఏఎస్ వచ్చేస్తుంది. మన దగ్గర ఎక్కువ కుటుంబ కంపెనీలు దీని బయటే ఉంటాయి. వాటికి ఏఎస్ 21, అసోసియేట్లకు ఏఎస్ 23, జాయింట్ వెంచర్లకు ఏఎస్ 27.

రెండింటికీ పెద్ద తేడా "నియంత్రణ" అనే మాట దగ్గరుంది. ఏఎస్ 21 ఓట్లను, బోర్డును చూస్తుంది. ఇండ్ ఏఎస్ 110 ఇంకా లోతుకు వెళ్లి అడుగుతుంది: నిర్ణయాలు ఎవరివి, లాభనష్టాల ఊగిసలాట ఎవరి మీద పడుతుంది, ఆ నిర్ణయాలతో ఆ ఫలితాన్ని మార్చగలిగేది ఎవరు? నాకు రెండోదే న్యాయంగా అనిపిస్తుంది. మన ఊళ్లలో షేర్లు ఒకరి పేరున ఉండటం, పెత్తనం ఇంకొకరిది కావడం మామూలు విషయం.

మా కంపెనీ మా సబ్సిడరీకే సరుకు అమ్ముతుంది. జీఎస్టీ కట్టాం, బిల్లు ఉంది, లారీ వెళ్లింది. అమ్మకం అమ్మకమేగా, ఎందుకు తీసేస్తారు?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఉమ్మడి ఖాతాల ప్రాణం ఇక్కడే ఉంది.

ఎగుమతుల కంపెనీ యార్డులో 80 లక్షలకు తేజ రకం మిర్చి కొన్నది. దాన్ని తనకు 80 శాతం వాటా ఉన్న కారం మిల్లుకు కోటి రూపాయలకు అమ్మింది. మిల్లు అందులో సగం సరుకును బయటి వ్యాపారులకు 65 లక్షలకు అమ్మింది. మిగతా సగం మార్చి 31న కోల్డ్ స్టోరేజీలో ఉంది. లెక్క తేలిగ్గా ఉండటానికి ఆడించే ఖర్చు, పన్ను పక్కన పెడదాం.

విడివిడిగా చూస్తే ఎగుమతుల కంపెనీకి అమ్మకం కోటి, లాభం 20 లక్షలు. మిల్లుకు అమ్మకం 65 లక్షలు, ఆ సగం సరుకు దానికి పడింది 50 లక్షలు, లాభం 15 లక్షలు. కూడేస్తే అమ్మకాలు కోటి 65 లక్షలు, లాభం 35 లక్షలు.

ఇప్పుడు బయట నిలబడి చూడండి. ఈ గ్రూపు బయటివాళ్లకు అమ్మింది 65 లక్షల సరుకే. ఆ సగం సరుకుకు గ్రూపు బయటి రైతులకు పెట్టింది 40 లక్షలు. లాభం 25 లక్షలు, అంతే. మిల్లు పుస్తకాల్లో 50 లక్షలుగా ఉన్న స్టాకు గ్రూపుకు పడింది 40 లక్షలే. ఆ తేడా 10 లక్షలు ఇంకా ఎవరూ సంపాదించలేదు. టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో అలాగే ఉన్నాయి. రేపు ధర పడిపోతే ఆ పది లక్షలు ఎప్పటికీ రాకపోవచ్చు. అందుకే కోటి రూపాయల అమ్మకాన్నీ, ఎదురుగా ఉన్న కోటి రూపాయల కొనుగోలునూ తీసేసి, స్టాకులోంచి 10 లక్షలు తగ్గిస్తాం. దీన్నే అన్‌రియలైజ్డ్ ప్రాఫిట్ అంటాం.

ఇలా తీయకపోతే ఏమవుతుంది? ఒకే మిర్చిని మూడు కంపెనీల మధ్య తిప్పి, ఒక్క టిక్కీ కూడా గోడౌన్ దాటకుండానే లాభం పుట్టించవచ్చు. మన రైతు ధర కోసం యార్డులో రాత్రంతా కాపలా కాస్తాడు. అతని సరుకు మీద కాగితాల్లో పుట్టిన లాభాన్ని సంపాదనగా చూపించడం నాకు మనసొప్పదు.

జీఎస్టీ సంగతి వేరు. ప్రతి కంపెనీకీ వేరే పాన్, వేరే రిజిస్ట్రేషన్. ఉమ్మడి ఖాతాల్లో అమ్మకం మాయమైనా జీఎస్టీ రిటర్నులో అది ఉండాల్సిందే. ఉమ్మడి ఖాతాల సర్దుబాట్లు వర్కింగ్ షీట్లలోనే జరుగుతాయి. ఏ కంపెనీ సొంత పుస్తకాల్లోనూ ఎంట్రీ పడదు.

గ్రూపు లోపలి బ్యాలెన్సులు కలవడం లేదు. ఏం చేయాలి?

కలవవు. మొదటి ఏడాది ఎవరికీ కలవవు. అందుకే సెప్టెంబరులో టెన్షన్ పడకుండా ఏప్రిల్‌లోనే కూర్చోవాలి.

నా మొదటి కన్సాల్ పని నాకు బాగా గుర్తుంది. ఒక కంపెనీ పుస్తకాల్లో సబ్సిడరీ నుంచి 62 లక్షలు రావాలని ఉంది. సబ్సిడరీ పుస్తకాల్లో ఇవ్వాల్సింది 50 లక్షలే. పన్నెండు లక్షల తేడా. అకౌంటెంట్ గారు పెద్దాయన, నిజాయితీపరుడు. "సస్పెన్స్‌లో వేసేద్దాం సార్, ఎటూ రెండూ మనవేగా" అన్నారు. సస్పెన్స్ అంటే కారణం తేలని తేడాలను పెట్టే ఖాతా. నేనప్పుడు కుర్రవాణ్ణి, దాదాపు ఒప్పుకున్నాను. మా సీనియర్ గారు ఒప్పుకోలేదు. "లారీ రసీదులు తీసుకురా" అన్నారు. మార్చి 30న గుంటూరులో ఎక్కించిన లోడు ఏప్రిల్ 2న అవతలి గోడౌన్‌లో దిగింది. అమ్మిన కంపెనీ మార్చిలో రాసింది, కొన్న కంపెనీ ఏప్రిల్‌లో రాసింది. తొమ్మిది లక్షలు అక్కడ తేలాయి. మిగతా మూడు లక్షలు రెండేళ్ల నాటి వడ్డీ. ఒకరు రాశారు, రెండోవాళ్లు రాయనే లేదు. ఆ వడ్డీ మీద ముందే కోసి కట్టాల్సిన పన్ను, టీడీఎస్, కూడా కట్టలేదు. సస్పెన్స్‌లో వేసి ఉంటే ఆ టీడీఎస్ బాకీ ఇంకా పెరిగేది.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ప్రతి మూడు నెలలకూ రెండు కంపెనీల అకౌంటెంట్లూ ఒకరి లెడ్జరు మరొకరికి పంపి, ఒప్పుకున్నట్టు మెయిల్‌లో రాసుకోవాలి. ఒకే అకౌంటెంట్ రెండు కంపెనీలూ రాస్తున్నా ఇది చేయాలి. ఒకే మనిషి అయినప్పుడే ఇది ఎక్కువ అవసరం, ఎందుకంటే తన తప్పు తనకు కనిపించదు. దారిలో ఉన్న సరుకు, దారిలో ఉన్న చెక్కు, ఒకవైపే రాసిన డెబిట్ నోటు, తరుగు, నాణ్యత పేరుతో కోసుకున్న మొత్తం: తేడాలు దాదాపు ఎప్పుడూ ఈ నాలుగైదు చోట్లే దొరుకుతాయి.

ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో గ్రూప్ కంపెనీ పెట్టుకుంటే అదే చేసేయదా?

కూడుతుంది. తీసేయదు. ఏది లోపలి అమ్మకమో, ఎంత స్టాకు మిగిలిందో దానంతట అది తేల్చలేదు. లోపలి పార్టీలకు విడిగా ఒక లెడ్జర్ గ్రూపు పెట్టుకుని, అన్ని కంపెనీల్లోనూ ఒకే పేర్లు వాడితే సగం పని తగ్గుతుంది. తీసివేతలు ఎక్సెల్‌లో విడిగా చేసి, ఏడాదికొక ఫైలు భద్రంగా ఉంచుకోండి. పోయిన ఏడాది స్టాకులోంచి తీసిన లాభం, ఆ సరుకు అమ్ముడయ్యాక ఈ ఏడాది లెక్కలోకి రావాలి. పాత ఫైలు లేకపోతే అది తప్పిపోతుంది.

ఇంకో మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ (ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో చూపే జాబితా) ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. గ్రూపులో ఒక్క కంపెనీ పాత వెర్షన్‌లో ఉన్నా అది ఆడిట్ రిపోర్టులోకి ఎక్కుతుంది.

ఒక కంపెనీని కొన్నాం. గుడ్‌విల్ అని కోటి రూపాయలు వచ్చింది. అదేంటి?

మీరు కట్టిన ధరకూ, మీకు దక్కిన నికర ఆస్తుల వాటాకూ ఉన్న తేడా. నికర ఆస్తులు 5 కోట్లున్న కంపెనీలో 80 శాతాన్ని 5 కోట్లకు కొన్నారు. మీ వాటా 4 కోట్లు, గుడ్‌విల్ కోటి. ధర తక్కువైతే ఆ తేడా క్యాపిటల్ రిజర్వ్ అవుతుంది.

ఏఎస్ 21లో సబ్సిడరీ పుస్తక విలువలే తీసుకుంటాం. ఇండ్ ఏఎస్ 103లో ఆస్తులను కొన్ననాటి మార్కెట్ విలువకు తీసుకోవాలి. పాతికేళ్ల కిందట ఎకరాల లెక్కన కొన్న స్థలం మీద కట్టిన కోల్డ్ స్టోరేజీ అయితే ఇది ఎంత తేడా తెస్తుందో మీరే ఊహించుకోవచ్చు. గుడ్‌విల్ అనుకున్నదాంట్లో చాలా భాగం నిజానికి ఆ స్థలం ధరే. ఒకే యజమాని నియంత్రణలో ఉన్న రెండు వ్యాపారాలను కలిపితే మాత్రం ఇండ్ ఏఎస్‌లో కూడా పాత పుస్తక విలువలే కొనసాగుతాయి, కొత్త గుడ్‌విల్ పుట్టదు.

కొన్ననాటికి ఆ కంపెనీలో పేరుకుని ఉన్న లాభాలు మీ గ్రూపు సంపాదన కాదు. మీరు ధరలో వాటికీ డబ్బు కట్టారు.

మైనారిటీ ఇంటరెస్ట్ అంటే ఏమిటి? మిల్లులో మాకు 80 శాతమే ఉంటే 80 శాతమే కలపాలి కదా?

మొత్తం కలపాలి. నియంత్రణ మీదే కాబట్టి మిల్లు ఆస్తులు, అప్పులు, అమ్మకాలు నూటికి నూరు శాతం ఉమ్మడి ఖాతాల్లోకి వస్తాయి. బయటి షేర్‌హోల్డర్ల 20 శాతాన్ని విడిగా చూపిస్తాం. ఇండ్ ఏఎస్‌లో దీన్నే నాన్ కంట్రోలింగ్ ఇంటరెస్ట్ అంటారు. పై ఉదాహరణలో మిల్లు లాభం 15 లక్షల్లో 3 లక్షలు వాళ్లవి. గ్రూపు లాభం 25 లక్షల్లో హోల్డింగ్ షేర్‌హోల్డర్లకు చెందేది 22 లక్షలు.

ఆ 20 శాతం తరచుగా ఓ మేనత్తదో, చనిపోయిన తమ్ముడి భార్యదో అయి ఉంటుంది. మీటింగులకు రారు, లెక్కలు అడగరు. బ్యాలెన్స్ షీట్లో ఆ ఒక్క వరస వాళ్ల తరఫున మాట్లాడుతుంది. దాన్ని పైసాతో సహా సరిగ్గా రాయడం నా బాధ్యత అనుకుంటాను.

ఒక కంపెనీకి లాభం, ఇంకోదానికి నష్టం. ఉమ్మడి ఖాతాలు వేస్తే ఆదాయపు పన్ను తగ్గుతుందా?

తగ్గదు. మన దేశంలో గ్రూపు మొత్తానికి కలిపి పన్ను వేసే పద్ధతి లేదు. ఎవరి రిటర్ను వాళ్లదే, ఎవరి నష్టం వాళ్లదే.

ఉమ్మడి లాభం బాగుంది. దాని మీద డివిడెండ్ ఇవ్వొచ్చా?

కుదరదు. డివిడెండ్ హోల్డింగ్ కంపెనీ సొంత లాభాల నుంచే ఇవ్వాలి. మిల్లు లాభం మిల్లు ఖాతాలో ఉన్నంతకాలం అది హోల్డింగ్ చేతికి రాలేదు. మిల్లు డివిడెండ్ ఇస్తే హోల్డింగ్ సొంత ఖాతాల్లో ఆదాయం, ఉమ్మడి ఖాతాల్లో మాత్రం తీసివేత.

ఒక కంపెనీ ఖాతాలో డబ్బు ఖాళీగా ఉంది. ఇంకో కంపెనీకి జీతాలకు సర్దితే తప్పేంటి?

తప్పు కావచ్చు, కాకపోవచ్చు. ఆలోచించకుండా సర్దడం మాత్రం ఎప్పుడూ ప్రమాదమే. కంపెనీ ఒక ప్రత్యేక వ్యక్తి. దాని డబ్బు మీద దానికి అప్పిచ్చిన బ్యాంకుకూ, సరుకిచ్చిన రైతుకూ, కూలీలకూ ముందు హక్కు ఉంటుంది.

కంపెనీల చట్టంలో రెండు సెక్షన్లు చూసుకోవాలి. సెక్షన్ 185, డైరెక్టర్లకు, వాళ్లకు ఆసక్తి ఉన్న సంస్థలకు ఇచ్చే అప్పుల గురించి. డైరెక్టరుకు గానీ, ఆయన భాగస్వామిగా ఉన్న ఫర్ముకు గానీ ఇవ్వడం నిషేధం. ఆయన డైరెక్టరుగా ఉన్న ప్రైవేటు కంపెనీకి ఇవ్వాలంటే స్పెషల్ రిజల్యూషన్ (షేర్‌హోల్డర్ల ప్రత్యేక తీర్మానం) కావాలి, ఆ డబ్బు ఆ కంపెనీ ప్రధాన వ్యాపారానికే వాడాలి. కొన్ని ప్రైవేటు కంపెనీలకు షరతులతో మినహాయింపు ఉంది. సెక్షన్ 186, ఇచ్చే అప్పులు, పెట్టుబడుల మొత్తానికి పరిమితి పెడుతుంది: చెల్లించిన మూలధనం, ఫ్రీ రిజర్వులు (డివిడెండ్‌గా పంచగలిగే మిగులు), సెక్యూరిటీస్ ప్రీమియం (షేరు ముఖ విలువకు మించి వసూలైన సొమ్ము) కలిపిన మొత్తంలో 60 శాతం, లేదా ఫ్రీ రిజర్వులు, ప్రీమియంలో నూరు శాతం, ఏది ఎక్కువైతే అది. దాటితే స్పెషల్ రిజల్యూషన్. వడ్డీ లేకుండా ఇవ్వడానికి కూడా ఈ సెక్షన్ ఒప్పుకోదు. సమాన కాలానికి ప్రభుత్వ బాండ్ల మీద వచ్చే రాబడి కన్నా తక్కువ రేటు ఉండకూడదు.

ఆదాయపు పన్నులో డీమ్డ్ డివిడెండ్ అనే నిబంధన ఉంది. కుటుంబ కంపెనీ తన పెద్ద షేర్‌హోల్డరుకు, లేదా ఆయనకు గణనీయమైన వాటా ఉన్న ఇంకో సంస్థకు అప్పు ఇస్తే, పేరుకున్న లాభాల మేరకు దాన్ని డివిడెండ్‌గా భావించి పన్ను వేయవచ్చు. జీతాల కోసం రెండు వారాలు సర్దిన డబ్బు మీద ఏళ్ల తరబడి అప్పీళ్లు నడిచిన కేసులు చూశాను. డబ్బు కదిలే ముందు ఒక్క ఫోన్ చేయండి. కదిలాక నేను చేయగలిగేది చాలా తక్కువ.

దుబాయ్‌లో చిన్న ట్రేడింగ్ కంపెనీ పెట్టాం. దాన్నీ కలపాలా?

సబ్సిడరీ అయితే కలపాలి, దేశం ఏదైనా. ఆ కంపెనీ తన కాళ్ల మీద తాను నడుస్తుంటే, ఏఎస్ 11 ప్రకారం ఆస్తులు, అప్పులను సంవత్సరాంతపు మారకం రేటుకు, ఆదాయ ఖర్చులను లావాదేవీ నాటి రేటుకో సగటు రేటుకో మార్చి, వచ్చిన తేడాను విడిగా ఒక రిజర్వులో ఉంచుతాం. అది కేవలం మీ అమ్మకాల కౌంటరుగా పనిచేస్తుంటే లెక్క వేరు, తేడా నేరుగా లాభనష్టాల్లోకి వెళుతుంది.

అక్కడ ఖాతాలు డిసెంబరుకు ముగిస్తారు, మనవి మార్చికి. ఏఎస్ 21 ఆరు నెలల దాకా తేడాను ఒప్పుకుంటుంది, ఇండ్ ఏఎస్ 110 మూడు నెలలే. మధ్యలో జరిగిన పెద్ద లావాదేవీలకు సర్దుబాటు చేయాలి. వీలైతే మార్చి 31కి విడిగా ఒక ట్రయల్ బ్యాలెన్స్ తెప్పించుకోండి, పని శుభ్రంగా ఉంటుంది. దీనితో పాటు విదేశీ మారకం చట్టం ఫెమా కింద ఏటా డిసెంబరు 31లోపు బ్యాంకు ద్వారా ఇవ్వాల్సిన వార్షిక నివేదిక ఉంది, దాన్ని మరవకండి.

సత్యం వ్యవహారం గుర్తొస్తుంటుంది. ఉమ్మడి ఖాతాలు వేస్తే అలాంటివి ఆగుతాయా?

ఆ పేరు వింటే మన తెలుగు అకౌంటెంట్లకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, ప్రమోటర్ కుటుంబానికి సంబంధించిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. ఇన్వెస్టర్లు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు గారు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికి మేటాస్ కొనుగోలు చివరి ప్రయత్నమని కూడా అందులోనే రాశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది.

అక్కడ లేనిది నిజమైన బ్యాంకు నిల్వ. కన్సాల్ పద్ధతి ఒక్కటే దాన్ని పట్టుకోలేదు. బ్యాంకు నుంచి ఆడిటర్ నేరుగా తెప్పించుకునే కన్ఫర్మేషన్ పట్టుకోవాలి. కుటుంబ కంపెనీని లిస్టెడ్ కంపెనీ కొనాలనుకున్నప్పుడు ఎవరి డబ్బు ఎవరికి పోతోందన్న ప్రశ్నను మాత్రం ఆ ఘటన దేశం ముందు పెట్టింది. రిలేటెడ్ పార్టీ లావాదేవీలపై 2013 చట్టంలోని సెక్షన్ 188, ఆడిటర్ల పనిపై నిఘా ఉంచడానికి 2018 అక్టోబరులో ఏర్పడిన ఎన్ఎఫ్ఆర్ఏ ఆ తర్వాత వచ్చినవే. మీ బ్యాంకు కన్ఫర్మేషన్ నేనే నేరుగా తెప్పించుకుంటానంటే దయచేసి నొచ్చుకోకండి.

సబ్సిడరీకి విజయవాడలో వేరే ఆడిటర్ ఉన్నారు. ఇబ్బందా?

ఇబ్బంది లేదు, ముందే మాట్లాడుకుంటే. హోల్డింగ్ ఆడిటర్ ఆయన రిపోర్టు మీద ఆధారపడతారు, ఆ సంగతి తన రిపోర్టులో రాస్తారు. సబ్సిడరీ కారో రిపోర్టులో (ప్రభుత్వ ఉత్తర్వు అడిగే అంశాలపై ఆడిటర్ విడిగా ఇచ్చేది) ప్రతికూల వ్యాఖ్యలు ఉంటే ఉమ్మడి రిపోర్టులో కూడా వాటి ప్రస్తావన వస్తుంది. డిప్రిసియేషన్, స్టాకు విలువ కట్టే పద్ధతి అన్ని కంపెనీల్లో ఒకేలా ఉండాలి. ఒకరు ఫిఫో (ముందు కొన్న సరుకు ముందు అమ్ముడైనట్టు లెక్క), ఇంకొకరు సగటు ధర వాడుతుంటే కలిపేముందు సర్దాలి. ఇద్దరు ఆడిటర్లూ మేలోనే ఒకసారి కూర్చుంటే ఆగస్టులో గొడవలుండవు.

గడువులు ఏమిటి? ఆలస్యమైతే?

మార్చితో ముగిసే ఏడాదికి సర్వసభ్య సమావేశం సెప్టెంబరు 30లోపు. ఆ తర్వాత 30 రోజుల్లో ఖాతాలను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఉమ్మడి ఖాతాలకు ఏఓసీ-4 సీఎఫ్ఎస్ అనే ఫారం, సబ్సిడరీల ముఖ్యాంశాలకు ఏఓసీ-1 ఫారం. ఆలస్యానికి ఫారానికి రోజుకు వంద రూపాయల అదనపు రుసుము. అసలు వేయకపోతే సెక్షన్ 129 కింద బాధ్యులైన వారికి 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా, ఏడాది వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

మొదటిసారి చేస్తున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక తెల్ల కాగితం తీసుకోండి. కుటుంబంలో ఎవరికి ఏ కంపెనీలో ఎంత వాటా, ఏ కంపెనీకి ఏ కంపెనీలో ఎంత వాటా, గీతలు గీసి రాయండి. ఎల్ఎల్‌పీలు, ఫర్ములు కూడా వదలకండి, నియంత్రణ ఉంటే అవీ వస్తాయి. నోటి మాట మీద కాకుండా షేర్ల రిజిస్టరు చూసి రాయండి. "తమ్ముడికి రాసిచ్చాం కదా" అనుకున్న షేర్లు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉన్న ఇళ్లు ఎన్నో. ఏ వాటా ఏ తేదీన, ఎంతకు కొన్నారో పక్కనే రాయండి. ఆ తేదీ నాటి బ్యాలెన్స్ షీట్ దొరికితే జతచేయండి, గుడ్‌విల్ లెక్కకు అదే ఆధారం. డైరెక్టర్లందరి చేతా ఆ కాగితం మీద సంతకం చేయించి, తేదీ వేసి తీసుకురండి. వచ్చే ఏడాది వాటాలు మారితే దాన్ని కొట్టేయకుండా పక్కన కొత్తది పెట్టండి.